కోటిలింగంగారి అరుదు వాడుక యంత్రం

మండపేట కాలవగట్టు వీధిలో, రిటైర్డ్ లాకు సూపరింటెండెంట్ కోటిలింగంగారి హాల్లో, టీవీ పక్కన, క్రోషియా గుడ్డ కప్పుకుని ఒక కంప్యూటర్ ఉండేది. ఇంట్లోవాళ్ల ఫోటోలూ, పెళ్లి వీడియోలూ, నాలుగు పాత సినిమాలూ అందులో ఎక్కించి టీవీకి తగిలించి ఇచ్చాడు అల్లుడు. ఇంట్లో దాన్ని పెట్టె అనేవారు. ఆ పెట్టెని ఏడాదికి ఒక్కసారే తెరిచేవారు. తెరిచినప్పుడు చూసేది కూడా ఒక్కటే, పదిహేను నిమిషాల నాటకం ముక్క.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఉద్యోగుల వార్షికోత్సవంలో కోటిలింగంగారు రాజు వేషం కట్టారు. రాజ్యం పోయి అడవిపాలైన ఆ రాజు, ఆఖరికి తన గుర్రాన్ని కూడా వదిలేస్తూ ఒక పద్యం పాడతాడు. ఆ గుడ్డ గుర్రాన్ని నరసాపురం నుంచి అద్దెకి తెప్పించారు, లోపల దూరే ఇద్దరు మనుషులతో సహా. కోటిలింగంగారు పద్యం ఎత్తుకుని మూడో పాదంలో రాగం తీస్తుండగా జనం "వన్స్ మోర్!" అని లేచారు. సరిగ్గా అప్పుడే గుర్రం వెనక సగం కూలబడింది.

తగువంతా అక్కడే. కోటిలింగంగారి లెక్కలో ముందు వన్స్ మోర్, తరవాత గుర్రం. ఏటా వీడియో చూసినా, ఆ రాగం దగ్గర ఆయన కళ్లు మూసుకునే వినేవారు. ఆయన వియ్యంకుడు, నరసాపురం వాస్తవ్యుడు అచ్యుతరామయ్యగారి లెక్కలో ముందు గుర్రం, తరవాత వన్స్ మోర్. "ఆ కేకలు మీ పద్యానికి కావు బావగారూ, గుర్రానికి," అని పిల్లల పెళ్లి పందిట్లో మొదలుపెట్టి, ఎక్కడ నలుగురు చేరితే అక్కడ అనేవారాయన. చివరికి ఇద్దరూ పందెం వేసుకున్నారు. వచ్చే పదో తారీఖున, అంటే నాటకం ఆడిన రోజునే, అచ్యుతరామయ్యగారు మండపేటలో పెళ్లికి వస్తారు. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ కూర్చుని వీడియో చూస్తారు. గుర్రమే ముందు పడితే కోటిలింగంగారు ఇక జన్మలో ఆ పద్యం ఎత్తకూడదు. స్నానాలగదిలో కూడా.

నవ్వకండి. ముప్పై మూడేళ్ల సర్వీసులో కాలవ మీద లాకు తలుపులు తెరవడం, మూయడం తప్ప ఆయన చేసిన ఘనకార్యం ఆ పద్యం ఒక్కటే. అది కాస్తా గుర్రం ఖాతాలోకి పోతే ఆయనకి చెప్పుకోడానికి ఇంకేమీ మిగలదు. ఆ బెంగతోనే పందెం రోజుకి ఇరవై రోజుల ముందు గుడ్డ తీసి, పెట్టె పనిచేస్తోందో లేదో చూద్దామని మీట నొక్కారు. పెట్టె ఒక చక్రం తిప్పి, "పదకొండు నెలలుగా నేను నవీకరించబడలేదు. ఓపిక పట్టండి," అని రాసి పెట్టింది. ఆయన ఓపిక పట్టారు. మూడో రోజు వీధిగుమ్మంలో జీపు ఆగింది.

జీపులోంచి దిగినవారు గృహ వినోద యంత్రాల నవీకరణ మండలి తనిఖీ అధికారి చెన్నకేశవులుగారు. రోజూ వాడే యంత్రాలు రోజూ కొత్తబడుతూనే ఉంటాయి, అరుదుగా వాడేవి మూల కూర్చుని పాతబడి పక్కింటి యంత్రాలకి కూడా పాతదనం అంటిస్తాయి అని ఎవరో పెద్దలు కనిపెట్టారట. అందుకని ఈ మండలి వెలిసింది. వాడే యంత్రాల జోలికి అది పోదు. వాడని యంత్రాలకే దాని సేవలన్నీ.

"సదరు యంత్రము పదకొండు మాసముల పదమూడు దినములుగా నిద్రాణస్థితియందు పడియున్నట్లు మా దృష్టికి వచ్చినది," అన్నారు చెన్నకేశవులుగారు నిలబడే.

"వాడకం లేదండి. అందుకే ఆపి ఉంచాం. మొన్ననే ఆన్ చేశాను, నవీకరణ అదే చేసుకుంటోందండి."

"ఎవరు ఆన్ చేసిరి?"

"నేనేనండి."

చెన్నకేశవులుగారు బాధతో కళ్లు మూసుకున్నారు. "నిబంధన నాలుగు. నవీకరణ గృహస్థుని ప్రమేయము లేకుండా ఆటోమేటిక్‌గా జరగవలెను. తాము మీట నొక్కినారు. అది ప్రమేయము. కావున మూడు దినములుగా జరిగిన నవీకరణ చెల్లదు." అని వంగి పెట్టెని ఆపేశారు.

"అయ్యయ్యో! సగం అయిందండీ! మరి నేను నొక్కకపోతే దానంతటది ఎలా ఆన్ అవుతుందండి?"

"అంత మాత్రము మండలి ఆలోచింపదా?" అని ఆయన సంచీలోంచి ఒక కాగితం తీశారు. "పోస్టు మంజూరైనది."

మర్నాడు పదింటికి గొడుగూ, క్యారియరూ, పోస్టింగు ఆర్డరూ పట్టుకుని ఒక బక్కపలచని మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. "నా పేరు ఏడుకొండలండి. ఆటోమేటిక్ అండి. గ్రేడ్ టూ."

ఆర్డర్లో అలాగే ఉంది. గృహస్థు ప్రమేయం లేకుండా రోజూ మీట నొక్కే ఉద్యోగి, ఆటోమేటిక్, గ్రేడ్ టూ.

"మరి గ్రేడ్ వన్ ఎవరయ్యా?" అన్నారు కోటిలింగంగారు.

"ఆయన జిల్లా ఆఫీసులో ఉంటారండి. ఆయనేం నొక్కరండి."

ఏడుకొండలు మంచివాడు. చెప్పులు బయట విప్పి, కాళ్లు కడుక్కుని, పెట్టె ముందు కుర్చీలో భక్తిగా కూర్చున్నాడు. పదిన్నర దాటింది. పదకొండు కావస్తోంది. కోటిలింగంగారి భార్య మంగతాయారుగారు వంటింట్లోంచి తొంగిచూసి, పాపం మొహమాటపడుతున్నాడేమో అనుకుని, "నొక్కు బాబూ, ఫరవాలేదు," అన్నారు.

ఏడుకొండలు షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎంత పని చేశారండి అమ్మగారూ! ఇదిగో, ఇప్పుడే నొక్కబోతున్నానండి. మీరు చెప్పేశారు. ఇక ఇది మీ ప్రమేయం కింద లెక్కండి. ఈవేళ్టికి నొక్కకూడదండి." అని రిజిస్టర్లో "గృహిణి ప్రోద్బలము వలన ఆటోమేటిక్ జరగలేదు" అని రాసుకుని, సాయంత్రం అయిదు దాకా ఊరికే కూర్చుని వెళ్లాడు.

ఆ దెబ్బతో ఆలుమగలిద్దరికీ నోటికి తాళం పడింది. పదిన్నర అయ్యేసరికి ఆయన పైకప్పు చూస్తూ పడుకునేవారు, ఆవిడ గోడవైపు తిరిగి చిక్కుడుకాయల ఈనెలు తీసేవారు. దగ్గొచ్చినా పెరట్లోకి వెళ్లి దగ్గేవారు. ఒక రోజు ఏడుకొండలు కునికిపాట్లు పడుతుంటే ఏం చెయ్యాలో తోచక మంగతాయారుగారు వంటింట్లో ఇత్తడి గిన్నె ఒకటి జారవిడిచారు. అతను ఉలిక్కిపడి లేచి మీట నొక్కాడు. మర్నాడు కూడా పదిన్నరకే గిన్నె జారింది. మూడో రోజు జీపు వచ్చింది.

"గిన్నె పడుట సహజము," అన్నారు చెన్నకేశవులుగారు. "వరుసగా రెండు దినములు పదిన్నరకే పడుట సహజము కాదు. ఆ రెండు నొక్కుళ్లు రద్దు."

ఎలాగో నొక్కుళ్లు కుదురుకున్నాయి. కానీ పదకొండు నెలల బాకీ నవీకరణలు నలభై ఆరున్నాయి. వరసలోనే రావాలి, ఒకటి దాటి ఒకటి రాకూడదు. నాలుగు పూర్తయ్యేసరికి కొత్తగా రెండు పుట్టేవి. తెర మీద చక్రం తిరిగేది, దానితోపాటు కోటిలింగంగారి తలా తిరిగేది. పదో తారీఖు ఇంకా పది రోజులుందనగా ఆయన సిగ్గు విడిచి చెన్నకేశవులుగారి దగ్గర చేతులు జోడించారు.

"ఒక్క పదిహేను నిమిషాలు పెట్టెని నాకు వదలండి బాబూ. నవీకరణ తరవాత చేసుకుందురుగాని. ఆ వీడియో ఉందో లేదో చూసుకుని ఆపేస్తాను."

"పోయిన సంవత్సరము పదో తారీఖున చూచినారు గదా?"

"చూశానండి."

"ఏడాది నిండకుండ రెండవ పర్యాయము చూచినచో ఇది అరుదు వాడుక యంత్రము కాదు, సాధారణ వాడుక యంత్రము. సాధారణ యంత్రములకు ఆటోమేటిక్ పోస్టు లేదు." ఆయన గొంతు తగ్గించారు. "ఏడుకొండలు కాకినాడ నుంచి కుటుంబమును ఇక్కడికి మార్చుకొనినాడు. ఇద్దరు పిల్లలను బడిలో చేర్చినాడు. తమ వినోదము కొరకు ఒక సంసారమును వీధిన పడవేయుదురా?"

ఏడుకొండలు కుర్చీలోంచి లేవకుండానే కళ్లొత్తుకున్నాడు. కోటిలింగంగారు జోడించిన చేతులు దించారు. యంత్రాన్ని వాడకుండా ఉంటేనే దాన్ని వాడకానికి సిద్ధంగా ఉంచే ఉద్యోగం నిలుస్తుందన్నమాట. లాకుల దగ్గర కూడా ఆయన ఇంత తిరకాసు ఎన్నడూ చూడలేదు.

"అయితే పదో తారీఖుకి సంవత్సరము నిండును," అన్నారు చెన్నకేశవులుగారు దయతలిచి. "నాటికి యంత్రము నూటికి నూరుపాళ్లు నవీకరింపబడినచో, నా సమక్షమున ఒక పర్యాయము చూచుకొనవచ్చును."

ఆ మాట అన్నందుకు మండలి ప్రతిష్ఠ కూడా పందెంలో ఇరుక్కుంది. మధ్యలో ఏడుకొండలుకి జ్వరం వచ్చింది. ఇన్‌చార్జి ఆటోమేటిక్‌ని వేశారు. ఇన్‌చార్జి తనంతట తానే నొక్కాడో, ఎవరైనా చెబితే నొక్కాడో ధ్రువీకరించడానికి పరిశీలకుణ్ని వేశారు. పరిశీలకుడికి బల్ల కావాలి గనక సోఫా వరండాలోకి వెళ్లింది. ఏడుకొండలు జ్వరం తగ్గి వచ్చాక కూడా ఇన్‌చార్జిని తియ్యలేదు, జ్వరం మళ్లీ వచ్చే అవకాశం ఉందట. ముగ్గురు పనిచేసేచోట అజమాయిషీ లేకపోతే బావుండదని చెన్నకేశవులుగారే మకాం మార్చారు. వీధి గేటుకి "నవీకరణ ఉపకేంద్రము, మండపేట" అని బోర్డు పడింది. బోర్డు పక్కనే చిన్న అక్షరాల్లో ఇంటి నంబరు కూడా ఉండనిచ్చారు.

"ఏవండీ," అన్నారు మంగతాయారుగారు వరండాలో సోఫా మీద కూర్చుని, "వంటింట్లోకి వెళ్లాలంటే విజిటర్స్ పుస్తకంలో సంతకం పెట్టమంటున్నారు. వచ్చిన పని అన్నచోట ఏం రాయను?"

"పప్పు అని రాయి."

"పొద్దున్న పప్పే రాశాను. ఒకే పనికి రెండుసార్లు రావడమేంటన్నాడు ఆ పరిశీలకుడు. చారని రాసి వెళ్లి పప్పు చేసుకొచ్చాను. ఇదేం ఖర్మండీ! ఆ పద్యం ముందు పడిందో, గుర్రం ముందు పడిందో, ఎవరిక్కావాలి?"

"నాక్కావాలే మంగా," అన్నారు కోటిలింగంగారు. ఆ గొంతు విని ఆవిడ లేచారు. వెళ్లి పెరుగని సంతకం పెట్టి కాఫీ కలుపుకొచ్చారు.

తొమ్మిదో తారీఖు సాయంత్రానికి తొంభై తొమ్మిది పాళ్లు అయింది. పదో తారీఖు ఉదయం పదకొండుం పావుకి నూరు నిండింది. ఏడుకొండలు ఆనందం పట్టలేక కొబ్బరికాయ కొట్టాడు. అరుదు వాడుక యంత్రాలలో మిక్కిలి నవీనమైనది ఇదేనని ప్రకటించి, చెన్నకేశవులుగారు పెట్టెకి జరీ శాలువా కప్పారు. "ఈ యంత్రమునకు నేడు తెలియని కొత్తదనము లేదు," అని ఉపన్యసించారు. కోటిలింగంగారిని కూడా వేదిక మీదకి పిలిచారు, వేదికంటే ఆయన మంచమే. గృహస్థుగా ఏ మాత్రం ప్రమేయం కల్పించుకోనందుకు ఆయనకొక ప్రశంసాపత్రం ఇచ్చారు.

మూడింటికి అచ్యుతరామయ్యగారు పెళ్లి తాంబూలం సంచీతో దిగారు. బోర్డు చదివి, ఇల్లు మారారేమోనని వెనక్కి తిరిగితే మంగతాయారుగారు పరుగున వెళ్లి, "ఇక్కడే అన్నయ్యగారూ, రండి," అని పిలుచుకొచ్చారు. ఆయన సంతకం పెట్టి, వచ్చిన పని అన్నచోట "గుర్రం" అని రాసి, లోపలికి వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ వియ్యంకుణ్ని ఆటపట్టించే మనిషి, ఆవేళ ఎందుకో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఏడుకొండలు ఎవరూ చెప్పకుండా మీట నొక్కాడు. కళ్లు మూసి తెరిచేంతలో పెట్టె తెరుచుకుంది. పిల్లల ఫోటోలు, పెళ్లి వీడియోలు, అన్నీ పేర్లతో సహా వరసగా ఉన్నాయి. ఆఖర్న నాటకం కూడా ఉంది. కోటిలింగంగారికి ప్రాణం లేచొచ్చింది. దాని మీద నొక్కారు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఈ వీడియో చాలా పాతది. నవీకరించిన యంత్రం పాతవాటిని గుర్తించదు."

మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మాట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదేమిటో ఆయనకి ఆ క్షణాన అర్థమైంది.

"నవీకరణకి ముందు ఆడేదండీ!" అన్నారు కోటిలింగంగారు.

"నవీకరణకు ముందు యంత్రము లోపభూయిష్టము," అన్నారు చెన్నకేశవులుగారు నెమ్మదిగా. "అందుచేత పాతదానిని కూడ ఆడించెడిది. ఆ లోపము ఇప్పుడు సవరింపబడినది. ఇక మిగిలినది తమ పద్యమే. ముప్పై ఒక్క సంవత్సరములుగా అందులో ఒక్క మార్పు కూడ జరగలేదా?"

"పద్యంలో మార్పేంటండీ!"

"అదియే చిక్కు. యంత్రమును నవీకరించి పద్యమును పాతగా ఉంచినచో ఎట్లు? నిబంధన పదకొండు ప్రకారము గాయకుడే స్వయముగా హాజరై కొత్త ప్రతిని సమర్పించుకొనవచ్చును. మా ఫోనులో రికార్డు చేసి యంత్రమున ఎక్కింతుము."

అచ్యుతరామయ్యగారు గట్టిగా ఊపిరి వదిలి లేచారు. "సరే బావగారూ, సాక్ష్యం లేకుండా పోయింది. పోనివ్వండి. మీరూ ఇక ఆ పద్యం మాట ఎత్తకండి, నేనూ గుర్రం మాట ఎత్తను. అక్కడితో సరి."

ఆ మాట కోటిలింగంగారికి పుండుకి కారం రాసినట్టయింది. "ఎందుకు ఎత్తనూ? వీడియో చస్తే నేనూ చచ్చానా? కూర్చోండి బావగారూ!" అని పెట్టె మీది శాలువా లాగి భుజాన వేసుకున్నారు.

హాలు మధ్యలోంచి రిజిస్టర్ల బల్లని పక్కకి జరిపించారు. ఎదురుగా గుర్రం లేదు గనక శాలువా పోయిన పెట్టె మీదే చెయ్యి వేశారు. అరవై ఎనిమిదేళ్ల గొంతు మొదటి పాదంలో కాస్త జీరబోయింది. రెండో పాదంలో దారిలో పడింది. తనకి ఇరవై రోజులుగా అన్నం సయించనివ్వని ఆ పెట్టెని నిమురుతూ, ఇక నీకూ నాకూ రుణం తీరింది, నీ దారిన నువ్వు వెళ్లు అని ఆ రాజు గుర్రానికి చెబుతుంటే పరిశీలకుడు పెన్ను మూసేశాడు. మూడో పాదంలో, "నీ గిట్టల సవ్వడే నా కడపటి మేళము" అన్నచోట ఆయన రాగం తీశారు. పూర్వంలా పైకి అందలేదు. అందనిచోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకున్నారు. అలా ఆగినందుకే కాబోలు వంటింటి గుమ్మంలో మంగతాయారుగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా వింటూ విసుక్కున్న మనిషి ఆవిడ.

పద్యం అయిపోయింది. ఏడుకొండలు ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటే వినబడింది.

అచ్యుతరామయ్యగారు తల దించుకుని తన కాళ్లవైపు చూసుకుంటున్నారు. అలా చూస్తూనే, "బావగారూ, ఆ గుర్రాన్ని నేనే," అన్నారు.

"ఏమిటీ?"

"వెనక కాళ్లు. అప్పుడు మా మేనమామకి నరసాపురంలో నాటకం సామాను అద్దెకిచ్చే కొట్టుండేది. మీ నాటకానికి వెనక కాళ్లవాడు రాలేదని నన్ను దూర్చాడు. తరవాత మనం వియ్యమందాం. పిల్లనిచ్చినవాళ్ల దగ్గర గుర్రం వెనక కాళ్లు నావేనని ఎలా చెప్పుకోను చెప్పండి? ఆ గుర్రానికైనా కాస్త పేరు దక్కితే చాలనుకుని అలా వాదిస్తూ వచ్చాను."

"మీరా అన్నయ్యగారూ!" అన్నారు మంగతాయారుగారు.

"నేనే చెల్లెమ్మగారూ." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఇందాక కూడా ఎక్కడ బయటపడిపోతానోనని, ఆ వీడియో తెరుచుకోకపోతే బావుణ్ణనుకున్నాను."

కోటిలింగంగారు పెట్టె పట్టుకుని నిలబడ్డారు. "అది సరే బావగారూ. మీకు తెలిసుండాలి కదా. ముందు కేకలా, ముందు మీరు పడడమా?"

"ముందు నేనే పడ్డాను."

కోటిలింగంగారి చెయ్యి పెట్టె మీంచి జారిపోయింది.

"ఎందుకు పడ్డానో అడగరేం? ఆ గిట్టల మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. లోపలంతా చీకటి. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ ముందువాడి నడుం పట్టుకుని ఉన్నాయి. ఆగలేక వదిలాను, పడ్డాను. జనం కేకలు దేనికో నాకు తెలీదు బావగారూ. నేను పడింది మాత్రం మీ పద్యానికే." ఆయన కండువా భుజాన వేసుకున్నారు. "అందరూ వన్స్ మోర్ అంటున్నారు. నాకూ అనాలని ఉంది. గుర్రంలో ఉన్నవాడు అనకూడదు కదా! అప్పణ్నుంచీ ఇక్కడే ఉండిపోయింది."

అని కంఠం మీద వేలు పెట్టి చూపించి, లేచి నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా "వన్స్ మోర్!" అని అరిచారు.

ఏడుకొండలు, ఇన్‌చార్జి, పరిశీలకుడు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. కోటిలింగంగారు శాలువా సవరించుకున్నారు.

చెన్నకేశవులుగారు చెయ్యి అడ్డం పెట్టి, రికార్డు చేస్తున్న ఫోను ఆపి, పెన్ను తీశారు. "ఆగుడు. ఇప్పుడే సమర్పించిన దానినే తిరిగి సమర్పించుటకు నిబంధనలు ఒప్పుకొనవు. ఈ పర్యాయము పద్యమున ఏమేమి మార్పులున్నవో ముందుగా తెలుపవలెను."

"ఒక్కటీ లేదండి," అని కోటిలింగంగారు వియ్యంకుడి మొహంలోకి చూస్తూ పద్యం ఎత్తుకున్నారు.